పెరట్లో లేగదూడ: తెచ్చేముందు, తెచ్చిన తరువాత

లేగదూడను పెంచుకోవాలన్న కోరిక సాధారణంగా దాన్ని చూసిన క్షణంలోనే పుడుతుంది. తడి ముట్టె, పొడవాటి కనురెప్పలు, తోక పైకెత్తి వాకిలంతా వేసే గంతులు చూసి పిల్లలు ముచ్చటపడతారు, పెద్దవారికి ఊళ్లోని కొట్టం గుర్తుకొస్తుంది, వారం తిరగకముందే దూడ ఇంటికి వస్తుంది. హనుమకొండ, కాజీపేట, వరంగల్ శివారు కాలనీల్లో స్థిరపడిన కుటుంబాలలో ఎన్నో ఒక తరం ముందు ఎవుసం చేసినవే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. అయితే లేగ లేగగా ఉండేది కొన్ని నెలలు మాత్రమే. పుట్టినప్పుడు 20 నుంచి 25 కిలోలుండే సంకరజాతి దూడ మంచి మేత దొరికితే ఆరు నెలలకు వంద కిలోలకు చేరుతుంది, ఏడాదిన్నరకు 250 కిలోలకు దగ్గరవుతుంది, పదిహేనేళ్లకు పైగా బతకగలదు. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి పద్ధతినీ ఆ 250 కిలోల పశువును దృష్టిలో పెట్టుకొనే చెబుతున్నాను.

మొదట తేల్చుకోవలసింది పెయ్యదూడనా, కోడెదూడనా అన్నది. పాడి రైతు కోడెదూడను చాలా తక్కువ ధరకు, కొన్నిసార్లు ఉచితంగా కూడా ఇస్తాడు, ఎందుకంటే ట్రాక్టర్లు వచ్చిన తరువాత సంకరజాతి కోడెకు అరకలో పని లేదు. ఉచితంగా వచ్చిన కోడెదూడే చివరకు ఎక్కువ బాధ్యత తెచ్చిపెడుతుంది. పెయ్య పెరిగి ఆవు అయితే దానికొక దారి ఉంటుంది, పాలిస్తుంది, అవసరమైతే తీసుకునే రైతు దొరుకుతాడు. కోడె పెరిగితే ఏం చేస్తారన్న ప్రశ్నకు ఇంట్లో అందరూ ఒప్పుకున్న సమాధానం ముందే ఉండాలి. వేములవాడలో కోడె మొక్కు ఉన్న ప్రాంతం మనది కాబట్టి “పెద్దదైతే దేవుడికి ఇచ్చేద్దాం” అని తేలికగా అనే వారున్నారు. మొక్కు వేరు, పెంచలేని పశువును వదిలించుకోవడం వేరు అని నా అభిప్రాయం.

కవలల్లో ఒకటి కోడె, ఒకటి పెయ్య అయితే ఆ పెయ్య దాదాపు ఎప్పుడూ గొడ్డుమోతుగానే మిగులుతుంది. ముద్దుగా పెంచుకోవడానికి దానితో ఇబ్బంది లేదు గాని, ముందు ముందు పాలిస్తుందన్న ఆశతో కొనేవారు ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి. ఈ మధ్య పుంగనూరు దూడల మోజు మన జిల్లాలకూ వచ్చింది. అసలైన పుంగనూరు ఆవు ఎత్తు మూడడుగులకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది, ధర మాత్రం చాలా ఎక్కువ. లేగ వయసులో ఏ నాటు దూడైనా పొట్టిగానే కనిపిస్తుంది కాబట్టి, తల్లిని కళ్లారా చూడకుండా పుంగనూరు అని చెప్పినదాన్ని కొనకూడదు. నన్నడిగితే మన ఊళ్లలో దొరికే నాటు పెయ్యే మేలు. ఎండకు తట్టుకుంటుంది, పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు దానికి సంకరజాతికంటే తక్కువ, మేత కూడా తక్కువే తింటుంది.

వయసు విషయంలో తొందర పనికిరాదు. మూడు నెలలు నిండి, గడ్డి తినడం అలవాటై, పాలు మానిన దూడను తెచ్చుకోవడం అన్నివిధాలా సులువు. పశువు మందలో బతికే జీవి, ఒంటరిగా కట్టేస్తే రాత్రంతా అరుస్తుంది, మేత ముట్టదు. వీలైతే రెండు దూడలను గాని, దూడకు తోడుగా ఒక మేకను గాని తెచ్చుకోవాలి.

దూడను తెచ్చే ముందే జాగా సిద్ధం కావాలి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున్న చిన్న కొట్టం, దానికి ఆనుకొని తిరగడానికి అంతకు రెండింతల ఖాళీ స్థలం ఉంటే ఒక దూడకు సరిపోతుంది. టైల్స్ గాని, నున్నటి సిమెంటు గచ్చు గాని వేయకూడదు. గిట్టలు జారి కాళ్లు విడిపోతే దూడ లేవలేని పరిస్థితి వస్తుంది. మొరం పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టించి, ఒక వైపుకు వాలు ఇచ్చి, పైన ఎండు వరిగడ్డి పరిస్తే చాలు. తడిసిన గడ్డిని రోజూ తీసివేయాలి, ఎందుకంటే తేమ, పెండ కలిసిన నేల మీదే రక్తపారుడు వంటి జబ్బులు పెరుగుతాయి. మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి కాబట్టి రేకుల కప్పు వేస్తే దాని మీద తాటాకులో, వరిగడ్డో తప్పకుండా కప్పాలి. చలికాలంలో గాలి వచ్చే వైపు గోనెపట్టా కట్టి, చిన్న దూడ అయితే రాత్రి వీపు మీద ఇంకొకటి కప్పాలి. పెరట్లో గన్నేరు చెట్టు ఉంటే దాని ఆకు దూడకు అందకుండా కంచె వేయడమో, చెట్టునే తీసివేయడమో చేయాలి. గన్నేరు ఆకులు కొన్ని తిన్నా ప్రాణం పోతుంది. నగర పరిధిలో ఉన్నవారు పశువును ఉంచుకోవడానికి ఉన్న నిబంధనలను మున్సిపల్ కార్యాలయంలో ముందే కనుక్కోవడం మంచిది.

తల్లి చనిపోవడం వల్లనో, మరే కారణం చేతనో పుట్టిన వెంటనే దూడను సాకవలసి వస్తే, మొదటి రోజు అన్నిటికంటే ముఖ్యమైనది. దూడ పుట్టేటప్పుడు దాని రక్తంలో రోగాలను ఎదుర్కొనే శక్తి ఉండదు, ఆ శక్తి మొత్తం జున్నుపాల ద్వారానే అందాలి. పేగులు ఆ రక్షక పదార్థాలను పీల్చుకోగలిగేది మొదటి 24 గంటలే, అందులోనూ గంట గంటకూ ఆ సామర్థ్యం తగ్గిపోతుంది. అందువల్ల పుట్టిన రెండు గంటల లోపే మొదటి విడత జున్నుపాలు తాగించాలి. తల్లి పాలు లేకపోతే అదే రోజు ఈనిన మరొక ఆవు పాలైనా తెచ్చి పట్టాలి. మాయ పడితేగాని దూడకు పాలు విడవకూడదన్న నమ్మకం కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. ఆ ఆలస్యం దూడకు చేసే నష్టాన్ని తరువాత ఏ మందూ పూడ్చలేదు. జున్ను వండుకోవడం గురించి ఇంట్లోవారు రెండో రోజు ఆలోచించవచ్చు. బొడ్డుతాడు వేలాడుతుంటే పొట్టకు రెండంగుళాల కింద శుభ్రమైన దారంతో ముడివేసి, దాని కింద కత్తిరించి, టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి. ఎండిపోయేవరకు రోజూ ఆ మందు రాయాలి. బొడ్డు ద్వారా ఎక్కిన చీము కీళ్లలోకి దిగితే దూడ జీవితాంతం కుంటుతుంది.

పాల లెక్క సులభమే. మొదటి నెలలో దూడ బరువులో పదో వంతు, రెండో నెలలో పదిహేనో వంతు, మూడో నెలలో ఇరవయ్యో వంతు పాలు రోజుకు ఇవ్వాలి. అంటే 25 కిలోల దూడకు మొదట్లో రోజుకు రెండున్నర లీటర్లు. వాటిని రెండు మూడు విడతలుగా, ఒకే వేళలకు, గోరువెచ్చగా పట్టాలి. ప్యాకెట్ పాలు ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా పోయడం, ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఇవ్వడం పారుడుకు దారితీస్తాయి. పాలు పట్టేటప్పుడు తల మరీ పైకెత్తకూడదు. మెడను భుజాల ఎత్తులో ఉంచి, అది చప్పరించే వేగానికే సీసా వంచాలి. మన పల్లెల్లో వెదురు గొట్టంతో మందు పోసేటప్పుడు నాలుకను పక్కకు లాగి పట్టుకొని ముట్టెను ఆకాశంవైపు ఎత్తడం చూస్తూనే ఉంటాం, అలా పోసిన ద్రవం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వచ్చి చనిపోయిన దూడలు ఎన్నో. పాలు తాగిన తరువాత కూడా దూడకు చప్పరించాలన్న కోరిక కాసేపు ఉంటుంది, అప్పుడది పక్క దూడ చెవినో, బొడ్డునో, పిల్లల చొక్కా అంచునో నోట్లో పెట్టుకుంటుంది. మూతి తుడిచి నాలుగు గరక పోచలు అందిస్తే ఆ అలవాటు పడదు.

రెండో వారం నుంచి దాణా రుచి చూపాలి. మక్కల పిండి నాలుగు పాళ్లు, పల్లి చెక్క మూడు పాళ్లు, తవుడు మూడు పాళ్లు కలిపి, ప్రతి వంద కిలోలకు రెండు కిలోల ఖనిజ లవణ మిశ్రమం, కిలో ఉప్పు చేర్చి పెట్టుకుంటే మంచి దూడ దాణా తయారవుతుంది. మొదట గుప్పెడుతో మొదలుపెట్టి మూడో నెలకు ముప్పావు కిలోకు తీసుకురావాలి. ఈ దాణా, లేత గడ్డి, ఎప్పుడూ అందుబాటులో ఉండే మంచినీళ్లు, ఈ మూడూ కలిసే దూడ పెద్దపొట్టను నెమరుకు సిద్ధం చేస్తాయి. పాలు ఇస్తున్నాం కదా అని నీళ్లు పెట్టకపోవడం చాలా ఇళ్లలో జరిగే తప్పు.

వరంగల్ పత్తి జిల్లా, పత్తి గింజల చెక్క ఇక్కడ సులువుగా దొరుకుతుంది, పాడి బర్రెలకు అందరూ పెడతారు. అదే చెక్కను చిన్న దూడకు పెట్టకూడదు. పత్తి గింజలో గాసిపాల్ అనే విష పదార్థం ఉంటుంది, పూర్తిగా నెమరు వచ్చిన పశువు కడుపు దాన్ని కొంతవరకు తట్టుకుంటుంది గాని పాలు తాగే దూడ గుండె తట్టుకోలేదు. యూరియా కలిపిన గడ్డిని, యూరియా ఉన్న దాణాను ఆరు నెలలు నిండేవరకు దగ్గరికి రానీయకూడదు. కోసిన జొన్న మళ్లీ చిగురిస్తే ఆ పిలకలు మరీ ప్రమాదం, వాన ముఖం చూడక వాడిన లేత జొన్నలో సైనైడ్ విషం పెరుగుతుంది. దాన్నే మన రైతులు నాము అంటారు. జొన్న పూతకు వచ్చేవరకు ఆగి, కోసి, ఆరబెట్టి పెడితే భయం ఉండదు.

ఇంటి దూడకు పొలంలోని నాము కంటే ఇంట్లోని ప్రేమే ఎక్కువ ముప్పు తెస్తుంది. గృహప్రవేశం నాడు, పండుగ నాడు వచ్చిన ప్రతివారూ పుణ్యం కోసం ఒక ముద్ద అన్నం, ఒక పూర్ణం, ఒక అరటిపండు నోటికి అందిస్తే సాయంత్రానికి పొట్టలో పులుపు పేరుకొని, ఎడమ డొక్క ఉబ్బి, దూడ పళ్లు నూరుతూ పడుకుంటుంది. మా పెరట్లో సంక్రాంతి మరునాడు ఇదే జరిగింది, తెల్లవారేవరకు పశువైద్యుడు పక్కన కూర్చోవలసి వచ్చింది. అప్పటి నుంచి కొట్టం ముందు ఒక బుట్టలో పచ్చగడ్డి పెట్టి, పెట్టదలచినవారు అదే పెట్టాలని చెబుతున్నాము. మిగిలిన అన్నాన్ని ప్లాస్టిక్ కవరులో కట్టి ఎదుట పడేసే ఇరుగుపొరుగుకు కూడా ఈ మాట మర్యాదగా చెప్పాలి, పొట్టలోకి వెళ్లిన కవరు ఆపరేషన్ చేస్తే తప్ప బయటికి రాదు.

ఆరోగ్యం విషయంలో ఒక నోటు పుస్తకం పెట్టుకోవడం చాలా ఉపయోగకరం. మొదటి నట్టల మందు పది, పదిహేను రోజుల వయసులోనే తాగించాలి, ముఖ్యంగా బర్రె దుడ్డెలకు, ఎందుకంటే ఏలికపాములు తల్లి పాల ద్వారానే వాటికి వస్తాయి. ఆ తరువాత ఆరు నెలల వరకు నెలకొకసారి, పిదప మూడు నెలలకొకసారి మందు పట్టాలి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి బరువు అంచనా వేసే లెక్క తెలిసి ఉండాలి. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని భుజం మొన నుంచి పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 36, పొడవు 32 అంగుళాలున్న దూడ దాదాపు 63 కిలోలు ఉంటుంది. టైలర్ టేపుతో ఈ పని పిల్లలకు అప్పగిస్తే వారికి లెక్కలూ వస్తాయి, దూడకు మనుషుల చేయి తగలడమూ అలవాటవుతుంది.

గాలికుంటు టీకా నాలుగో నెలలో మొదలవుతుంది, నెల తరువాత మరొక మోతాదు, ఆపై ఆరు నెలలకొకసారి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఆరు నెలలు నిండాక, తొలకరికి ముందు వేయించాలి. పెయ్యదూడకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రూసెల్లా టీకా జీవితంలో ఒక్కసారే వేస్తారు. ఆ వయసు దాటితే వేయరు, కోడెకు అసలు వేయరు. ఈ జబ్బు పశువు నుంచి మనిషికి కూడా వస్తుంది కాబట్టి ఇంటి దూడకు ఇది తప్పనిసరి. ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) టీకా కూడా అడగాలి. టీకా వేసేటప్పుడు చెవికి పన్నెండంకెల పసుపు పచ్చ బిళ్ల వేస్తారు. అందం చెడుతుందని కొందరు దాన్ని వద్దంటారు, కాని పశువు తప్పిపోయినా, చేతులు మారినా దాని గుర్తింపు ఆ బిళ్లే. పశువుల సంచార వైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. వరంగల్ వారికి మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ దగ్గరే. జగిత్యాల వైపు ఉన్నవారికి కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది.

దూడ ఒంటి వేడి 101.5 నుంచి 103 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య ఉండడం సహజం, మన లెక్కతో చూసి జ్వరమని కంగారు పడకూడదు. 104 చేరితే మాత్రం కబురు పెట్టాలి. తెల్లగా, దుర్వాసనతో పారుతున్న దూడ మెడ మీది చర్మాన్ని చిటికెడు పట్టి వదిలినప్పుడు అది వెంటనే సర్దుకోకుండా మడతలాగే నిలిస్తే ఒంట్లో నీరు తగ్గిపోయిందని అర్థం. వైద్యుడు వచ్చేలోగా మనుషులకు వాడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి, పాలు పూర్తిగా ఆపేయకూడదు. పిడుదులను చెవుల లోపల, తోక మొదట్లో, మెడ కింద వేలాడే గంగడోలు మడతల్లో వెతకాలి. పత్తి చేనుకు కొట్టే పురుగుమందును పశువు ఒంటికి రాసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దూడ ఒళ్లు నాక్కుంటుందని గుర్తుంటే ఎవరూ ఆ పని చేయరు. పిచ్చికుక్క కరిచిన దూడకు టీకాలు వెంటనే మొదలుపెట్టించాలి, దాని నోట్లో ఎవరూ చేయి పెట్టకూడదు. దూడను ముట్టుకున్న పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవడం, దాని ఒంటి మీద గుండ్రటి తెల్లమచ్చలు కనిపిస్తే తామర తగ్గేవరకు దూరంగా ఉండడం ఇంటి నియమాలు కావాలి.

కొమ్ముల సంగతి 15, 20 రోజుల వయసులోనే తేల్చాలి. అప్పటికి కొమ్ము మొగ్గ చర్మానికే అంటుకొని ఉంటుంది, వైద్యుడు మత్తు సూది వేసి దాన్ని కాల్చివేయగలడు. రెండు నెలలు దాటితే అది పుర్రెకు అతుక్కుంటుంది, ఆ తరువాత తీయడం పెద్ద శస్త్రచికిత్స. పిల్లలున్న ఇంట్లో సంకరజాతి దూడకు కొమ్ములు తీయించడమే మేలని నేను అనుకుంటాను. నాటు దూడకు కొమ్ములే అందం అనేవారితో వాదించను. కోడెదూడకు వట్టలు నొక్కించడం కూడా వైద్యుని చేతనే, తగిన పరికరంతో, నొప్పి తెలియకుండా జరగాలి, రాళ్లతో, కర్రలతో చేసే పాత పద్ధతి క్రూరమైనది. ఇంట్లో పెంచే కోడెను ఏడాదిన్నర వరకు అలాగే వదిలేయడం సాహసం. మనుషుల చేతుల్లో ఒంటరిగా పెరిగిన కోడె మందలో పెరిగిన కోడెకంటే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అది మనిషిని తన జాతిలోని తోటి కోడెగానే లెక్కిస్తుంది, బలం పరీక్షించుకోవాలనుకుంటే మనిషి మీదికే వస్తుంది.

ఇక నడవడిక. దూడ నుదురు నిమిరితే అది తల వంచి నెమ్మదిగా నెడుతుంది, పిల్లలు చేయి అడ్డం పెట్టి తిరిగి నెడతారు, అందరూ నవ్వుతారు. ఇదే ఆట రోజూ సాగితే తలతో నెట్టడం స్నేహమని దూడ నేర్చుకుంటుంది. అది 200 కిలోలకు పెరిగాక వాకిట్లో కూర్చున్న నానమ్మతో అదే ఆట ఆడబోతుంది. కాబట్టి నుదుటిని ఎవరూ తాకకూడదు. గంగడోలు కింద, మెడ పక్కన, తోక మొదట్లో గోకితే దూడకు అంతకంటే ఎక్కువ హాయి, అక్కడ గోకినప్పుడు అది మెడ చాచి కళ్లు మూసుకుంటుంది. మీదికి కాళ్లు వేయడం, చేతిలోని మేత లాక్కోవడం మొదటి రోజు నుంచే ఒప్పుకోకూడదు. కొట్టనవసరం లేదు, మేత చెయ్యి వెనక్కి తీసుకొని పక్కకు తిరిగి నిలబడితే అర్థం చేసుకుంటుంది.

మూడు వారాల వయసు నుంచే పలుపుతాడుతో నడక అలవాటు చేయాలి. మెడకు ఉరిలా బిగుసుకునే ముడి ఎప్పుడూ వేయకూడదు, రెండు వేళ్లు దూరేంత సందు ఉండే నిలకడ ముడి వేసి, దూడ పెరిగేకొద్దీ వారానికొకసారి వదులు చేయాలి. మెడ చర్మంలోకి తాడు దిగిపోయిన దూడలను నేను చూశాను. మొదట పది నిమిషాలు, మేతకు ముందు నడిపించాలి. అది మొండికేస్తే ముందునుంచి లాగకుండా పక్కన నిలబడి తోక మొదట్లో తట్టాలి. ఒకే పేరుతో, ఒకే గొంతుతో పిలిచి ప్రతిసారీ గుప్పెడు తవుడు పెడితే నెలలోపే పిలిచినవెంటనే వస్తుంది. గుంజకు కట్టి వదిలేసిన దూడ బెదురుగా పెరుగుతుంది కాబట్టి రోజుకు కొన్ని గంటలైనా విడిచిపెట్టాలి, కాని గేటు వేసిన తరువాతనే. రోడ్డు మీదికి వదిలిన ఇంటి పశువు ఇంటి పశువు కాదు.

పెయ్య ఏడాదిన్నరకు, నాటుదైతే రెండున్నర, మూడేళ్లకు ఎదకు వస్తుంది. మూడు వారాలకొకసారి ఒకరోజు మేత మాని అరుస్తుంది, కంచె దాటబోతుంది, జబ్బు చేసిందని భయపడనక్కరలేదు. అప్పటికి దాన్ని చూలు కట్టించి ఆవుగా ఉంచుకుంటారా, మంద ఉన్న రైతుకు ఇస్తారా అన్నది నిర్ణయం అయి ఉండాలి. ఇచ్చే పక్షంలో చెవి బిళ్ల అంకెలు, టీకాల, నట్టల మందుల తేదీలున్న నోటు పుస్తకంతో పాటు, అది తినే దాణా పాళ్లు, మీరు పిలిచే పేరు, ఎక్కడ గోకితే నిలబడుతుందో కూడా రాసి ఇవ్వాలి. మొదటి వారం కొత్త కొట్టంలో కట్టడానికి మీ పాత పలుపునే దాని మెడకు ఉంచి పంపాలి.